కోచ్‌కు ఒక సీజన్, రన్నర్‌కు పదేళ్లు

అమెరికా కాలేజీల క్రాస్ కంట్రీ పోటీల్లో ఒక్కో జట్టు నుంచి ఏడుగురు పరుగెత్తుతారు. ముందు వచ్చిన ఐదుగురి స్థానాలను కూడితే వచ్చేదే జట్టు స్కోరు. అది ఎంత తగ్గితే అంత మేలు. అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నడిపే డివిజన్-1 జాతీయ పోటీలో 31 జట్లు, విడిగా అర్హత సాధించిన 38 మంది కలిపి 255 మంది ఒకేసారి బయలుదేరతారు. పురుషులకు 10 కిలోమీటర్లు, మహిళలకు 6. మొదటి స్థానం కోసం జరిగే పోరే అందరి కళ్లకూ కనిపిస్తుంది గానీ, జట్ల జాతకం తేలేది నడిమి గుంపులోనే. అక్కడ పది సెకన్లు వెనకబడితే పదిహేను, ఇరవై స్థానాలు జారిపోతాయి. అందుకే కోచ్ చూపు ఎప్పుడూ తన ఐదో రన్నర్ మీదే ఉంటుంది. ఆ ఐదో రన్నర్ చాలావరకు పంతొమ్మిది, ఇరవై ఏళ్ల విద్యార్థి. రేపు పరుగుతో బతికే మనిషి కాదు. ఆ పది సెకన్ల కోసం ఆ శరీరంతో ఎంతవరకు బేరమాడొచ్చన్నదే అసలు ప్రశ్న. కోచ్ పనితనాన్ని మనం సీజన్లలో కొలుస్తున్నాం. దూరపు పరుగుకు శరీరం పూర్తిగా సిద్ధం కావడానికేమో పదేళ్లు పడుతుంది. ఈ రెండు గడువులకూ పొంతన కుదరకపోవడమే ఈ క్రీడలోని చాలా గాయాలకు మూలమని, నలుగురు చెడ్డ కోచ్‌లను పంపేసినంత మాత్రాన అది పోదని నా వాదన.

క్యాలెండర్ చూస్తే విషయం అర్థమవుతుంది. ఆగస్టు నుంచి నవంబరు దాకా క్రాస్ కంట్రీ, చలికాలమంతా ఇండోర్ ట్రాక్, మార్చి తర్వాత జూన్ దాకా అవుట్‌డోర్ ట్రాక్. స్ప్రింటర్‌కు శరదృతువులో ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. దూరపు రన్నర్ మాత్రం మూడు సీజన్లలోనూ జట్టుకు కావాలి, ఏడాదికి మూడుసార్లు శిఖర స్థాయికి చేరాలి. ఇంత పని చేసే శరీరానికి తగినంత తిండి అందకపోతే ఏమవుతుందో వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. హార్మోన్లు తగ్గుతాయి, అమ్మాయిలకు నెలసరి ఆగిపోతుంది, ఎముక పలచబడుతుంది, చివరకు మడమలోనో, కాలి ఎముకలోనో, తుంటి వెనకనో సన్నని చీలిక, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, వస్తుంది. ఈ పరిస్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. అబ్బాయిలకూ ఈ ముప్పు ఉందని అప్పుడే స్పష్టం చేసింది. ఇందులో అన్నిటికన్నా ప్రమాదకరమైన సంగతి ఒకటుంది. బరువు తగ్గిన మొదటి కొన్ని నెలలు రన్నర్ నిజంగానే వేగం పుంజుకోవచ్చు. అక్టోబరులో టైమింగ్ మెరుగవుతుంది, కోచ్ భుజం తడతాడు, తోటివాళ్లు అదే దారి పడతారు. స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చేది మరుసటి ఏడాది. లాభం ఈ సీజన్ ఖాతాలో పడుతుంది, నష్టం వచ్చే సీజన్‌కు వాయిదా పడుతుంది; ఆ సరికి కోచ్ దగ్గర కొత్త బ్యాచ్ సిద్ధంగా ఉంటుంది.

ఇవి ఊహించి చెబుతున్న మాటలు కావు. అమెరికా రన్నర్ మేరీ కెయిన్ కాలేజీ పోటీలను కాదనుకుని 2013లో పదిహేడేళ్లకే ప్రొఫెషనల్ జట్టులో చేరింది. బరువు తగ్గాలన్న ఒత్తిడి మధ్య మూడేళ్లు నెలసరి రాలేదని, ఐదు ఎముకలు విరిగాయని 2019 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ ద్వారా బయటపెట్టింది. కోచ్ ఆ ఆరోపణలను ఖండించారు. రెండేళ్లకు, 2021లో, ఓరెగాన్ యూనివర్సిటీ అథ్లెట్లు కొందరు డెక్సా స్కాన్లతో తమ శరీరంలోని కొవ్వు శాతం కొలిచే పద్ధతి తమను తిండి విషయంలో కుంగదీసిందని చెప్పారు. ఇక్కడ ఆలోచించాల్సింది యంత్రం గురించి కాదు. ఎముక బలం చూడటానికి డాక్టర్ వాడితే అదే స్కాన్ మేలు చేస్తుంది. జట్టులో ఎవరుండాలో నిర్ణయించే మనిషి చేతికి ఆ అంకె చేరినప్పుడే అది బెదిరింపు అవుతుంది.

ఆ నిర్ణయం విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది. ఎన్‌సీఏఏపై అథ్లెట్లు వేసిన దావాలో కుదిరి, 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ‘హౌస్’ ఒప్పందంతో, అందులో చేరిన యూనివర్సిటీల్లో స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, జట్టు సభ్యుల సంఖ్యకు పరిమితి వచ్చింది. క్రాస్ కంట్రీకి అది 17. పూర్తి స్కాలర్‌షిప్‌లు ఇచ్చే వీలు కలగడం మంచిదే. అంతకుముందు పురుషుల ట్రాక్, క్రాస్ కంట్రీ రెండింటికీ కలిపి 12.6 మాత్రమే ఉండేవి, ముక్కలు చేసి పంచేవారు. కానీ నిదానంగా ఎదిగే కుర్రాడికి జట్టు చివర దొరికే చోటు దీంతో ఇరుకైపోయింది. కాలు నొప్పి అని చెబితే చోటు పోతుందేమోనన్న భయం ఉన్నచోట ఎవరూ నొప్పి చెప్పరు.

ఒత్తిడి లేనిదే ఛాంపియన్లు పుట్టరని కొందరంటారు. వారానికి 130, 140 కిలోమీటర్లు పరుగెత్తడమే పెద్ద ఒత్తిడి. దాన్ని ఎవరూ కాదనడం లేదు. దానిమీద భయాన్ని కూడా మోపితే వేగం పెరుగుతుందన్న మాటకే ఆధారం కనిపించదు. మోలీ సైడెల్ 2015లో నోటర్ డేమ్ తరఫున జాతీయ క్రాస్ కంట్రీ గెలిచింది. మరుసటి ఏడాది ఒలింపిక్ ట్రయల్స్ వదులుకుని, తిండికి సంబంధించిన మానసిక రుగ్మతకు చికిత్సలో చేరింది. 2021లో సప్పోరోలో ఆమె ఒలింపిక్ మారథాన్ కాంస్యం అందుకుంది. ఆ పతకానికి దారి తీసింది ఆగి కోలుకున్న కాలమే అని నేను నమ్ముతాను. డెస్ లిండెన్ అరిజోనా స్టేట్‌లో చదివినన్నాళ్లూ ఒక్క జాతీయ టైటిలూ గెలవలేదు. 2018లో, 34 ఏళ్ల వయసులో, గాలివానలో బోస్టన్ మారథాన్ గెలిచింది. వాస్తవిక ఆశయం అంటే కలను తగ్గించుకోవడమని వాదించేవారికి ఈ ఇద్దరి జీవితాలే జవాబు. ఆశయం ఎత్తు తగ్గించమని కాదు, దాని గడువు పెంచమని అడుగుతున్నాం. ఎన్‌సీఏఏ జాతీయ ట్రాక్ పోటీలో 10 వేల మీటర్ల ఫైనల్‌కు దేశం మొత్తంలో చేరేది 24 మందే. మిగతావారికి మొదటి ఏడాది గాయం లేకుండా గడవడం, నాలుగేళ్లలో తమ టైమింగ్‌ను ఒక నిమిషం తగ్గించుకోవడం చిన్న లక్ష్యాలేమీ కావు. ఇక, వాళ్లు మేజర్లు, ఇష్టపడే వచ్చారు కదా అనేవారు ఒకటి మరిచిపోతున్నారు: ఫీజు, చోటు, పోటీలో స్థానం మూడూ ఒకే మనిషి చేతిలో ఉన్నప్పుడు పలికే ‘సరే’ను పూర్తి సమ్మతి అనలేం.

కాబట్టి మార్చాల్సింది కోచ్‌ను కొలిచే పద్ధతి. చేరినవారిలో ఎంతమంది నాలుగో ఏట కూడా పరుగెత్తుతున్నారు, ఎన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్లు అయ్యాయి, మొదటి ఏడాది కన్నా చివరి ఏడాది మెరుగైనవారెందరు అన్న లెక్కలను, పేర్లు లేకుండా, యూనివర్సిటీలు ఏటా ప్రకటించాలి; కోచ్ కాంట్రాక్టు వాటిపై ఆధారపడాలి. బరువు, కొవ్వు కొలతలు కోచ్‌కు కాక డాక్టర్‌కే చేరాలి. ఇంటర్ ఫలితాల రోజు కార్పొరేట్ కాలేజీల ప్రకటనల్లో ర్యాంకర్ల ఫొటోలే ఉంటాయి, మధ్యలో మానేసినవారి లెక్క ఉండదని మన తల్లిదండ్రులకు అనుభవమే; కాలేజీ జట్ల సంగతీ అంతే. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ల పిల్లలూ హైస్కూలు జట్లలో పరుగెత్తుతున్నారు. వారిలో ఎవరికైనా కాలేజీ నుంచి పిలుపు వస్తే, ట్రోఫీల గది చూపించే కోచ్‌ను నాలుగేళ్ల కిందట చేరిన బ్యాచ్ ఇప్పుడెక్కడుందో అడగాలి. ఆయన పేరుపేరునా చెప్పలేకపోతే సంతకానికి తొందరపడకూడదు.