పేరొకటి, మొక్క వేరొకటి

హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌర్ జిల్లాలో జలవిద్యుత్ ప్రాజెక్టు పనిమీద ఉండి వచ్చిన మిత్రులొకరు మాకొక చిన్న పొట్లం ఇచ్చారు. అందులో సన్నగా, కాస్త వంపు తిరిగిన ముదురు గోధుమరంగు గింజలున్నాయి. "అక్కడ దీన్ని కాలా జీరా అంటారండీ" అన్నారు. మేము ఇంటికి వెళ్లి "నల్ల జీలకర్ర" అని అనువదించి చెప్పాము. మా శ్రీమతి వంటింట్లోంచి ఒక డబ్బా తెచ్చి, "మరి ఇదేమిటండీ?" అని అడిగింది. అందులో ఉన్నవి కారునల్లని ముక్కోణపు గింజలు. మనం తెలుగులో నల్ల జీలకర్ర అనేది వాటినే!

స్టోర్సులో రెండు విడిభాగాలకు ఒకే పేరుంటే ఏమవుతుందో మన ఉద్యోగులకు చెప్పనక్కరలేదు. అందుకే ప్రతి వస్తువుకూ ఒక కోడు ఉంటుంది. మొక్కలకు శాస్త్రీయనామమే ఆ కోడు. మన డబ్బాలోనిది నైజెల్లా సటైవా. జీలకర్రతో దానికి చుట్టరికమే లేదు. మిత్రులు తెచ్చినది మాత్రం జీలకర్ర, ధనియాలు, వాము, సోంపు, క్యారెట్లతో కూడిన ఏపియేసీ కుటుంబానికి చెందినది. గొడుగు ఊచల వలె విచ్చుకునే పూగుత్తులు ఈ కుటుంబపు గుర్తు.

అయితే ఈ కోడు కూడా స్థిరంగా నిలవలేదు. పంతొమ్మిదవ శతాబ్దంలో స్విస్ శాస్త్రవేత్త బోయిస్సియే దీనిని కేరమ్ ప్రజాతిలో చేర్చాడు. తరువాత అది బ్యూనియం పెర్సికం అయింది. ఇటీవలి వర్గీకరణలో ఎల్వెండియా పెర్సికా అంటున్నారు. ఇంటిపేరు మారినా, 'పర్షియాకు చెందినది' అనే రెండవ పదం మాత్రం వెంటే ఉంది. బిర్యానీలో వేసే షాజీరా ఇదే. కానీ అదే పేరుతో బజారులో తరచుగా అమ్మేది కేరమ్ కార్వి అనే మరొక మొక్క గింజ.

పేరు తేలితే తప్ప దాని విలువ తెలియదు. జీలకర్ర నాలుగు నెలలలోపే చేతికి వచ్చే పంట. ఇరాన్ నుంచి కాశ్మీరు, హిమాచల్ వరకు కొండలలో స్వతహాగా పెరిగే ఈ మొక్క విత్తనం నుంచి కాపుకు రావడానికి మూడు, నాలుగేళ్లు పడుతుంది. శీతకాలమంతా మంచుకింద దుంపగా నిద్రించి, వసంతంలో చిగురిస్తుంది. ఇతరులకంటే ముందు కోసుకోవాలన్న ఆత్రంతో గింజ పండకముందే తెంపితే, నేలరాలి మొలిచేదేముంటుంది? 2019లో హిమాచలీ కాలా జీరాకు భౌగోళిక గుర్తింపు లభించింది. పొలాలలో సాగుచేసే రైతులకు ఆ గుర్తింపు అండ కాగలదు.

ఇప్పుడు మా వంటింట్లో రెండు డబ్బాలున్నాయి. వాటిపై చీటీలు అంటించినది మా శ్రీమతి. వ్రాసినది మాత్రం మేమే.