మా నాన్నల చేతుల్ని కూడా యంత్రం గుర్తుపట్టాలి

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు రాయమంటే మాలాంటి పాత విద్యార్థులం "కష్టపడి చదవండి తమ్ముళ్ళూ" అని నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటాం. ఈసారి ఒక పరిశోధన గురించి రాస్తున్నాం. ఎందుకంటే అది మన ఇంటి సంగతి.

మాలో చాలామంది నాన్నలు గోదావరిఖని బాయిల్లో తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపినవాళ్ళే. ఆ చేతుల గీతలు బొగ్గుకే అరిగిపోయాయి. ఒకరోజు ఒక కౌంటర్ ముందు నాన్న బొటనవేలును లుంగీకి తుడుచుకుని నాలుగుసార్లు మిషన్ మీద పెడితే నాలుగుసార్లూ కాదంది. పక్కన నిలబడ్డ మేము తలదించుకున్నాం. తర్వాత ఆలోచిస్తే తలదించుకోవలసింది మేము కాదనిపించింది. ఇలాంటి చేతులు కూడా ఉంటాయని ఆ మిషన్ చేసినవాళ్ళకు తట్టలేదు, అంతే.

ఫోన్ తెర సంగతీ ఇంతే. వేలు తగిలితే విద్యుత్ క్షేత్రంలో వచ్చే చిన్న మార్పును అది పసిగడుతుంది. మందపాటి గ్లవుజు తొడిగితే పసిగట్టలేదు. తడి చేయి పెడితే తికమకపడుతుంది.

దీనికి ఇంకో దారి ఉంది. అది కెమెరా దారి. 1982లో టొరంటో విశ్వవిద్యాలయంలో నిమిష్ మెహతా తన పీజీ థీసిస్ కోసం ఒక గరుకు అద్దం వెనక కెమెరా పెట్టాడు. అద్దాన్ని వేళ్ళతో నొక్కితే కెమెరాకు నల్లచుక్కలు కనిపించేవి. ఒకేసారి ఎన్ని వేళ్ళు పెట్టినా తెలిసేది. 2005లో న్యూయార్క్‌లో జెఫ్ హాన్ అక్రిలిక్ షీటు, ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు, మామూలు కెమెరాతో తక్కువ ఖర్చులో ఇలాంటిది చేసి చూపాడు. షీటు అంచుల నుంచి లోపలికి పంపిన కాంతి బయటికి రాకుండా అందులోనే తిరుగుతుంది. వేలు ఆనిన చోట మాత్రం చెదిరి కిందికి దిగుతుంది. కింద ఉన్న కెమెరా ఆ వెలుగుచుక్కను పట్టుకుంటుంది. కాంతిని అంచుల నుంచి కాక వెనక నుంచే తెర మీదికి వేస్తే గ్లవుజు తొడిగిన చేయి కూడా కనిపిస్తుంది.

అసలు కష్టం లెక్కలో ఉంది. 640, 480 చుక్కల బొమ్మను సెకనుకు 30 సార్లు చూడాలంటే 92 లక్షల పైచిలుకు చుక్కలు పరిశీలించాలి. ఇందుకు పెద్ద కంప్యూటర్ పెడితే కరెంటు, వేడి, ఖర్చు అన్నీ ఎక్కువే. అందుకే బొమ్మ మొత్తం దాచుకోకుండా, వరుస తర్వాత వరుస వస్తుండగానే చుక్కలు ఏరుకునే చిన్న చిప్‌లు, బోర్డులు తయారు చేస్తారు. దీన్నే ఎంబెడెడ్ విజన్ అంటున్నారు.

ఇప్పుడు మన బాయి సంగతి చూడండి. కెమెరా పద్ధతికి పెద్ద శత్రువు ఎండ. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి కెమెరా కళ్ళు చెదురుతాయి. భూగర్భంలో ఎండ లేదు. అక్కడున్నది దుమ్ము, తడి, మీథేన్. గ్యాస్ ఉన్నచోట నిప్పురవ్వ పుట్టని పరికరమే వాడాలి. అలాంటి పరికరం తక్కువ కరెంటుతో నడిస్తే అంత మేలు. అంటే చిన్న బోర్డు అవసరం బాయిలోనే ఎక్కువ. గ్లవుజు చేతితో, చెమట చేతితో వాడగలిగే తెర గురించి బాయి దిగినవాడి బిడ్డకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?

"మనకెందుకన్నా పరిశోధన? ముందు జీతం రావాలి కదా" అంటారు మీరు. నిజమే. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. నెల తిరిగేసరికి ఇంట్లో ఎవరు ఎదురుచూస్తారో మాకూ తెలుసు. ఉద్యోగానికి పోయినవాళ్ళను తప్పుపట్టం. కానీ చిత్తూరు జిల్లా కాటూరులో రైతు ఇంట పుట్టిన రాజ్ రెడ్డి గారు కూడా ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివారే. గిండీలో సివిల్ ఇంజనీరింగ్ చదివిన ఆయన కృత్రిమ మేధలో పనిచేసి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. మన దగ్గరే సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, బాసరలో ట్రిపుల్ ఐటీ ఉంది. బ్యాచ్‌కు ఒక్కరైనా ఈ దారి పట్టకపోతే, మన చేతులకు సరిపోని మిషన్లనే ఎవరో చేసి పంపుతారు. మనం వాటి ముందు వేలు తుడుచుకుంటూ నిలబడతాం.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. వచ్చే వార్షికోత్సవానికి షీల్డులు, ఫ్లెక్సీలు కాస్త తగ్గిద్దాం. ఆ డబ్బుతో స్టడీ హాల్లో ఒక మూలకు ఒక చిన్న బోర్డు, ఒక వెబ్ కెమెరా, ఒక అక్రిలిక్ షీటు, టీవీ రిమోట్‌లో ఉండేలాంటి ఎల్ఈడీలు కొనిపెడదాం. కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్‌ను తీసేసి, మామూలు వెలుతురు రాకుండా పాత ఫ్లాపీ డిస్క్ లోపలి నల్లపొర అడ్డం పెడితే సరిపోతుంది. పిల్లలు చెడగొడతారేమోనని తాళం మాత్రం వేయొద్దు. చెడగొట్టనివ్వండి, వాళ్ళే మళ్ళీ బిగిస్తారు.

అది పనిచేసిన రోజు ముందుగా మా నాన్నల్ని పిలుద్దాం. వేళ్ళు తుడుచుకోకుండానే తెర మీద పెట్టమందాం.