ఏ బైబిలు కొనాలి?

కుండల్‌వాడి వంటి సరిహద్దు ఊళ్లు 1956లో హైదరాబాదు రాష్ట్రం నుంచి బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లాయి. అప్పటినుంచి తెలుగువారికి ఇంట్లో మాట తెలుగు, బడిలో అక్షరం మరాఠీ. ఫారం మరాఠీలో నింపి, లెక్క తెలుగులో అడిగేవారిని మా బ్యాంకులో చూస్తూనే ఉంటాను. క్రైస్తవ కుటుంబాల్లో ఈ చిక్కు బైబిలు దగ్గరా వస్తుంది. పెద్దలు తెలుగులో చదివితే పిల్లలు వింటారు గాని చదవలేరు. మరి వారు సొంతంగా చదువుకోవడానికి ఏది కొనాలి?

నా మట్టుకు, తడుముకోకుండా చదవగలిగే లిపిలోనిదే. తెలుగు పోతుందని కొందరి బెంగ. భక్తి పుస్తకాన్ని పెద్దబాలశిక్షగా చేస్తే రెండూ సాగవు. తెలుగు నేర్పండి, అది వేరే వేళలో.

మరాఠీలో పండిత రమాబాయి చేసిన పని తెలుసుకోదగ్గది. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, చదువు తక్కువైన ఆడవాళ్లకు సైతం అర్థమయ్యేలా బైబిలంతా అనువదించారు. కేడగావ్ ముక్తి మిషన్‌లో స్త్రీలే అక్షరాలు కూర్చారు. ఆమె 1922లో కన్నుమూశారు. పూర్తి గ్రంథం 1924లో వెలువడింది.

తెలుగులో బైబిల్ సొసైటీ వారి పాత అనువాదం గ్రాంథికం. “ఏలయనగా” వంటి మాటలు అమ్మమ్మలకు ఇంపు, మనవలకు అడ్డు. వాడుక భాషలో వచ్చినవీ ఉన్నాయి. లూకా 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుని కథ రెండింటిలోనూ పైకి చదివి చూసి కొనండి. అక్షరం సైజు కూడా చూడండి, నాబోటి యాభై దాటినవారు మరీను! కాథలిక్కుల బైబిలులో 73 గ్రంథాలు, ప్రొటెస్టెంట్లదానిలో 66. అదీ అడిగి తీసుకోండి.

కుటుంబ ప్రార్థనకు తెలుగు ప్రతిని ఉంచుకోండి. తాతగారు చదువుతుంటే మనవడు మరాఠీ ప్రతిలో వేలు పెట్టి వెంబడించవచ్చు. అధ్యాయాలు, వచనాల అంకెలు దాదాపు ఒకటే.