అడగడం అపరాధం కాదు

నగరంలో అద్దె ఇల్లు దొరకడం ఒక ఎత్తు. ఆ ఇంటి కింద బండి నిలుపుకోవడానికి చోటు దొరకడం మరొక ఎత్తు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో అద్దె, మెయింటెనెన్స్ ఎంతో మాట్లాడుకుని ఒక కుటుంబం అపార్ట్‌మెంటులో దిగుతుంది. కొన్ని నెలలు గడిచాక వాచ్‌మన్ ఒక చీటీ తెచ్చి ఇస్తాడు. స్కూటరుకు ఇంత, కారుకు ఇంత పార్కింగ్ రుసుము చెల్లించాలని, గడువు దాటితే జరిమానా తప్పదని అందులో ఉంటుంది. అప్పుడు కొందరు గొణుక్కుంటూ చెల్లిస్తారు. మరికొందరు గేటు దగ్గర గొంతు పెంచుతారు. మొదటిది అన్యాయానికి అలవాటు పడడం. రెండవది న్యాయమైన మాటను సైతం చులకన చేసుకోవడం.

ఎవరైనా సొమ్ము అడిగినప్పుడు, అడిగే అధికారం ఎక్కడి నుండి వచ్చిందన్నది మొదటి ప్రశ్న కావాలి. ఆ అధికారానికి చట్టమో, ఒప్పందమో ఆధారంగా ఉండాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందానికి ఉభయుల సమ్మతి ప్రాణం. గోడకు అంటించిన కాగితం ఒక పక్షం కోరికే తప్ప రెండవ పక్షం సమ్మతి కాదు. సాధారణంగా ఇళ్ల యజమానులే సంఘ సభ్యులు గనుక సంఘం తీర్మానం వారికి వర్తిస్తుంది. అద్దెదారుకు ప్రధానమైనది అతడు సంతకం చేసిన అద్దె పత్రం. ఇక జరిమానా మాటకు వస్తే, ఒప్పందంలో ముందే రాసుకున్న మొత్తమైనా సహేతుకమైన పరిహారాన్ని మించకూడదని అదే చట్టంలోని 74వ సెక్షను చెబుతున్నది.

పార్కింగ్ స్థలం ఎవరిదన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముంబయికి చెందిన ఒక కేసులో 2010 ఆగస్టు 31న న్యాయస్థానం తీర్పునిస్తూ, మహారాష్ట్ర చట్టం ప్రకారం భవనం కింది స్తంభాల నడుమ ఉన్న పార్కింగ్ స్థలాన్ని నిర్మాణదారు విడిగా అమ్ముకోజాలడని స్పష్టం చేసింది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం ఆరుబయటి పార్కింగ్ స్థలాన్ని ఉమ్మడి ప్రదేశాల్లో చేర్చింది.

అయితే నాణేనికి రెండవ వైపు కూడా చూడాలి. సెల్లారులో దీపాలు వెలగాలి, నేల శుభ్రపడాలి, కాపలా ఉండాలి. వీటికి ఖర్చవుతుంది. ఇరవై బండ్లు పట్టేచోట నలభై నిలపాలంటే ఏదో ఒక కట్టుబాటు తప్పదు. ఇంటితోపాటు ఎంత చోటు లభిస్తుందో అద్దె పత్రంలో రాసుకోని అద్దెదారు, సెల్లారంతా తనదేనని వాదించలేడు. కనుక రుసుము ఉండడమే తప్పు కాదు. ఆధారం చూపకుండా, రసీదు ఇవ్వకుండా వసూలు చేయడం తప్పు.

ఇటువంటి సందర్భంలో వినయంతో కూడిన ఒక లేఖ, వంద కేకల కంటె బలమైనది. రుసుము ఏ తీర్మానం ప్రకారం విధించారు? అది యజమాని చెల్లించవలసినదా, అద్దెదారు చెల్లించవలసినదా? మెయింటెనెన్సులో ఇది ఇదివరకే చేరి లేదా? ఈ మూడు ప్రశ్నలు రాసి యజమానికి, సంఘానికి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి. వివాదం సాగుతున్నదని అద్దె ఆపకూడదు. సంఘం వారు కూడా బండికి గొలుసు వేయడం, గాలి తీయడం వంటి పనులకు పాల్పడకూడదు. మాట కుదరకపోతే న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. కోర్టుకు వెళ్లని వివాదాలను సైతం లోక్ అదాలత్ రాజీమార్గంలో పరిష్కరిస్తుంది. దాని అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

ఇన్ని మార్గాలున్నా చాలామంది అద్దెదారులు నోరు విప్పరు. పదకొండు నెలల పత్రం ముగిశాక ఇల్లు ఖాళీ చేయమంటారేమోనన్న భయం వారిని ఆపుతుంది. పిల్లల కళాశాల, ఉద్యోగం, సామాను తరలింపు ఖర్చు కళ్ల ముందు మెదులుతాయి. ఆ భయం నిరాధారమైనది కాదు. అందుకే ప్రశ్నించే బాధ్యతను అద్దెదారు ఒక్కడి మీదనే మోపడం న్యాయం కాదు. యజమాని పార్కింగ్ మాటను అద్దె పత్రంలో ముందుగానే రాయాలి. సంఘం అద్దెకున్న వారిని పిలిచి లెక్క చూపాలి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడిగినవాడిని శత్రువుగా చూడని ఇరుగుపొరుగు ఉన్నచోటనే ఆ సామెతకు సార్థకత.