ఓటీ టెక్నీషియన్ కోర్సు: ఫీజు కట్టే ముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

నస్పూర్: ఇంటర్ బైపీసీ అయిపోయి, నీట్‌లో సీటు రాని పిల్లలున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట, "ఓటీ టెక్నీషియన్ చేస్తే జాబ్ వస్తదా?" అని. అవకాశాలైతే ఉన్నాయి. 2022లో మంచిర్యాల, రామగుండం రెండు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. థియేటర్లు పెరిగితే పని తెలిసిన మనుషులూ కావాలి. కానీ కోర్సు ఎక్కడ చేశారన్నదే అసలు ప్రశ్న.

ముందు ఆ పని ఏంటో చూద్దాం. ఆపరేషన్‌కు ముందే టేబుల్, లైట్లు, మత్తు మిషన్, సక్షన్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. పరికరాలను ఆటోక్లేవ్ ఆవిరిలో శుద్ధి చేయించాలి. అమెరికాలో సర్జన్ చేతికి పరికరాలు అందించేది ఎక్కువగా సర్జికల్ టెక్నాలజిస్టే. మన దగ్గర ఆ పని ఎక్కువగా స్టాఫ్ నర్సులు చూస్తారు, టెక్నీషియన్ పక్కనుండి సాయం చేస్తాడు.

ఇక లెక్క. వాడిన గాజ్ ముక్కలు, సూదులు, పరికరాలు పేషెంట్ థియేటర్ దాటకముందే సరిపోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్ట్ చెబుతుంది. బాయి దిగే ఇళ్లకు ఇది కొత్త కాదు. షిఫ్ట్ అయ్యాక ల్యాంప్ రూంకు ఒక్క లైటు తిరిగి రాకపోతే మనిషి ఏడని వెతుకుతారు కదా! ఇదీ అంతే.

2021లో పార్లమెంట్ చేసిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం ఓటీ టెక్నాలజిస్టులను గుర్తించింది. డిప్లొమాకు కనీసం రెండేళ్లు, 2,000 గంటల చదువు ఉండాలంది. ఆరు నెలల సర్టిఫికెట్ ఈ లెక్కలోకి రాదు.

చూసి నేర్చుకున్న హెల్పర్‌తో పని నడిపిస్తే ఆస్పత్రికి జీతం ఖర్చు తగ్గుతుంది. కానీ రిస్క్ మాత్రం పేషెంట్ మీద పడుతుంది. పైగా, రెండేళ్లు చదివిన పిల్లవాడి జీతమూ హెల్పర్ జీతం దగ్గరే ఆగిపోతుంది.

అందుకే తల్లిదండ్రులు ఫీజు కట్టే ముందు మూడు విషయాలు అడగాలి. డిప్లొమా అయితే తెలంగాణ పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందా? డిగ్రీ అయితే ఏ యూనివర్సిటీ అఫిలియేషన్? ప్రాక్టికల్స్ ఏ ఆస్పత్రిలో, వారానికి ఎన్ని రోజులు థియేటర్ లోపల ఉంటాయి? కాగితం చూపించమనండి. నోటి మాట చెప్పి పంపిస్తే అక్కడ ఫీజు కట్టకండి. రేపు ఆ టేబుల్ మీద మన అమ్మీ ఉన్నా, లెక్క చూసే చేతులు ఇలా చదువుకున్నవే.