మోగని కాలింగ్ బెల్లూ, మన ఇంజనీరింగూ

మొన్న సంక్రాంతికి ఉయ్యూరు వెళ్ళా. గుమ్మం ముందు నిలబడి కాలింగ్ బెల్లు ఎంతసేపు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి తలుపు బాదితే అమ్మ పెరట్లోంచి వచ్చి "అది మూణ్ణెల్ల నుంచీ అంతేరా" అంది తాపీగా. నాన్నగారి బీపీ మందుల పార్సిలు రెండుసార్లు వెనక్కి పోయిందట! చెప్పలేదేం అంటే, "చెప్తే కెమేరా బెల్లు కొంటానంటావుగా" అంది. నిజమే, అప్పటికే ఫోన్లో ధరలు చూస్తున్నా.

మన ఐటీ వాళ్ళ జబ్బే ఇది. వేల మైళ్ళ అవతల సర్వరు పడిపోతే అర్ధరాత్రి లేచి లాగులు చదువుతాం. ఇంట్లో ఏదైనా ఆగితే మాత్రం లోపం ఎక్కడో చూడం, వస్తువే మార్చేస్తాం. పైగా దానికి అప్‌గ్రేడ్ అని పేరొకటి.

అసలు డింగ్-డాంగ్ బెల్లులో ఏముందండీ? రాగితీగ చుట్ట, మధ్యలో ఇనప కడ్డీ, స్ప్రింగు, రెండు రేకులు. నొక్కితే చుట్ట అయస్కాంతమై కడ్డీని లాగుతుంది, అది ఒక రేకుకి కొట్టుకుని డింగ్. వదిలితే స్ప్రింగు వెనక్కి తోస్తుంది, రెండో రేకుకి తగిలి డాంగ్. 1831లో జోసెఫ్ హెన్రీ మైలు పొడవు తీగ చివర గంట మోగించింది కూడా విద్యుదయస్కాంతంతోనే.

నొక్కితే గుయ్యిమంటోందా? కరెంటు వస్తోంది, కడ్డీ ఇరుక్కుంది. అసలు చప్పుడే లేదా? కరెంటు, స్విచ్చి, తీగ, చుట్ట వరసగా చూడాలి. బందరు రోడ్డు దుమ్మూ వానా తినేది బయటి స్విచ్చే కాబట్టి మొదటి అనుమానం దాని మీదే. ఒక్క హెచ్చరిక: అమెరికాలో మామూలుగా ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి బెల్లుకి 16 వోల్టులో, అటూ ఇటుగానో ఇస్తారు. మన ఇళ్ళలో చాలావరకు ఆ స్విచ్చిలో ఉండేది 230 వోల్టులు! మెయిన్ ఆపకుండా, టెస్టరుతో చూసుకోకుండా చెయ్యి పెట్టొద్దు. రాకపోతే ఎలక్ట్రీషియన్ని పిలవండి, నామోషీ ఏం లేదు.

మెయిన్ ఆపి విప్పితే స్విచ్చిలో రేకు చిలుము పట్టి ఉంది. సెంటర్లో కొత్త స్విచ్చి కొన్నా. కెమేరా బెల్లు ముందు ఆ ఖర్చు చిల్లర.

"పెద్దవాళ్ళకి కెమేరా ఉంటే భద్రత కదా" అంటారేమో. ఉంటే మంచిదే, కాదనను. కానీ బెల్లు నొక్కిన సంగతి బెంగళూరులో నా ఫోనుకి తెలిస్తే, ఉయ్యూరులో తలుపు తీసేదెవరు?

బాగయ్యాక నాన్నగారు బయటికెళ్ళి నాలుగుసార్లు నొక్కి చూసుకున్నారు. ఈసారి మీ ఊరెళ్ళినప్పుడు, షాపింగ్ సైటు తెరిచే ముందు ఓ స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

మెయిన్ ఆపాకే సుమా!