మెడ వంచితే... షాక్!

చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడమే అడ్డపొగ. శ్రీకాకుళం, విజయనగరం తీరపల్లెల్లో మామ్మలకు ఇది ఎప్పటి నుంచో అలవాటు. మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. ఆ వేడి, ఆ పొగ నేరుగా తగిలేది అంగిలికే. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని ప్రపంచం దృష్టికి తెచ్చింది.

నోటి క్యాన్సరని తేలితే చాలామంది విశాఖ వెళ్తారు... కేజీహెచ్‌కో, అగనంపూడిలోని హోమీభాభా ఆసుపత్రికో. అక్కడ కొందరికి రేడియేషన్ ఇస్తారు. ఊళ్లో దాన్నే ‘కరెంటు పెట్టడం’ అంటారు. నిజానికి అందులో కరెంటు ఉండదు, ఉండేవి కిరణాలే. వారానికి ఐదు రోజులు, దాదాపు ఆరేడు వారాలు.

హమ్మయ్య, అయిపోయిందనుకున్న రెండు మూడు నెలలకు, వాకిలి ఊడుద్దామని వంగితే చాలు... మెడ నుంచి వెన్ను మీదుగా కాళ్లదాకా జివ్వున షాక్! ‘ఒంట్లో కరెంటు ఇంకా పోలేదు’ అని భయపడతారు పాపం. వైద్యులు దీన్ని లెర్మిట్ లక్షణం అంటారు. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగున్నట్టే వెన్నుపాములోని నరాలకూ మైలిన్ అనే పొర ఉంటుంది. కిరణాల వల్ల అది కొన్నాళ్లు పలచబడుతుంది. సాధారణంగా కొద్ది నెలల్లో మళ్లీ పుంజుకుంటుంది, షాకులూ ఆగిపోతాయి. అయినా డాక్టరుకు చెప్పాల్సిందే. మెడ ఎముకల అరుగుదలైనా, వ్యాధి పాకినా ఇలాగే ఉండొచ్చు మరి.

ఏళ్ల తర్వాత వచ్చేవి వేరు. అందరికీ రావు, వస్తే మాత్రం అంత తేలిగ్గా పోవు. నాలుక ఓ పక్కకు లాగుతుంది. మాట ముద్దగా వస్తుంది. గంజి తాగినా పొలమారుతుంది. భుజం నుంచి వేళ్లదాకా తిమ్మిరి, పట్టు తప్పడం. మెడలోని రక్తనాళాలు సన్నబడితే పక్షవాతం ముప్పూ ఉంది. వైద్యం అయ్యాకా చుట్ట మాననివారికి అది ఇంకా ఎక్కువ. మూతి వంకరపోయినా, చెయ్యి ఉన్నట్టుండి పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మిగతావాటిని ఇంట్లోవాళ్లు ‘వయసు మీద పడింది’ అని వదిలేస్తారు. ఎప్పుడో ఏళ్ల కిందట మెడకు రేడియేషన్ ఇచ్చారన్న సంగతి కొత్త డాక్టరుకు ఎలా తెలుస్తుంది? ఎటువైపు, ఎంత మోతాదు ఇచ్చారో ఆ పాత ఫైల్లోనే ఉంటుంది. పొలం పాసుపుస్తకాన్ని ట్రంకుపెట్టెలో ఎంత భద్రంగా దాస్తారో దాన్నీ అలాగే దాచాలి.

ఇంకో సంగతి. మతిమరుపు, మందకొడితనం, చలి... ఇవన్నీ నరాల జబ్బే కానక్కర్లేదు. మెడలోని థైరాయిడ్ కూడా కిరణాలకు దెబ్బతింటుంది. రక్తపరీక్షతో తెలిసిపోతుంది. రోజుకో మాత్రతో సర్దుకుంటుంది.